విమోచన నుంచి వెంచర్ దాకా

సెప్టెంబరు 17 దగ్గరపడే కొద్దీ మేడ్చల్ జాతీయ రహదారి మీదా, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీదా మొలిచే ఫ్లెక్సీలను వరుసగా చదువుకుంటూ పోయే బాటసారికి, 1948లో హైదరాబాద్ సంస్థానం ఒక్కసారి కాక నాలుగుసార్లు నాలుగు వేర్వేరు దేశాల్లో కలిసిందేమోనన్న అనుమానం కలగక మానదు. భారతీయ జనతా పార్టీకి అది విమోచన దినం. 2022లో రాష్ట్రాన్ని ఏలిన టీఆర్ఎస్‌కు జాతీయ సమైక్యతా దినం. 2024లో కాంగ్రెస్ ప్రభుత్వానికి ప్రజాపాలన దినోత్సవం. కమ్యూనిస్టుల్లో కొందరికి విద్రోహ దినం. అధికారం మారినప్పుడల్లా గతాన్ని కూడా బదిలీ చేసే సౌకర్యం ఇంత చవకగా మరెక్కడా దొరకదు.

ఈ జ్ఞాపకాలన్నింటికీ ఉన్న ఉమ్మడి గుణం, ఎక్కడ ఆగాలో వాటికి బాగా తెలియడం. విమోచనవాదుల కథ ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్ల, అంటే మజ్లిస్ పక్షాన ఆయుధం పట్టిన స్వచ్ఛంద దళాల, దౌర్జన్యాలతో మొదలై సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం లొంగుబాటుతో ముగుస్తుంది. ఎందుకంటే ఇంకాస్త ముందుకు పోతే, ఎవరి పీడ విరగడైందని పండగ చేసుకుంటున్నారో ఆ నిజామే 1950 జనవరి 26న గవర్నరుతో సమానమైన రాజప్రముఖ్ పదవిలో కూర్చుని 1956 దాకా కొనసాగిన సంగతి చెప్పాల్సి వస్తుంది. నిజాంను లొంగదీసిన భారత సైనిక చర్య తర్వాత జరిగిన హత్యాకాండలో కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని, అందులో ఎక్కువ భాగం మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లోనేనని తేల్చిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలో ఉండిపోయింది. సమైక్యత వేదికల మీద కూడా దాని ఊసు వినిపించదు, బహుశా చనిపోయినవారితో సమైక్యం కావడం కష్టమన్న భావన కావచ్చు. 1946లో కడవెండిలో రైతు ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాక సాయుధంగా మారిన రైతుల పోరాటాన్ని వేనోళ్ల పొగిడే కాంగ్రెస్, 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు విరమణ ప్రకటించే దాకా ఆ రైతుల మీద సైన్యాన్ని నడిపింది ఎవరి ప్రభుత్వమో మరిచిపోతుంది.

మేడ్చల్ విషయంలో ఈ మరుపు మరీ ముచ్చటగా ఉంటుంది. రాజధాని చుట్టూ ఉన్న ఈ తాలూకాలు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో, అంటే నిజాం సొంత ఎస్టేటైన సర్ఫ్-ఎ-ఖాస్‌లో ఉండేవి. ఇక్కడి శిస్తు ప్రభుత్వ ఖజానాకు కాక నేరుగా ప్రభువు సొంత ఖజానాకు చేరేది. 1949లో ఆ ఎస్టేటు ప్రభుత్వంలో కలిసినప్పుడు, పోయిన ఆదాయానికి పరిహారంగా నిజాంకు ఏటా 25 లక్షల రూపాయలు, అది కాక రాజభరణం 50 లక్షలు ముట్టజెప్పేందుకు స్వతంత్ర భారతం ఒప్పుకుంది. శిస్తు కట్టినవారికి ఎవరూ ఏ పరిహారమూ లెక్కగట్టలేదు.

దున్నేవాడిదే భూమి అన్న నినాదం కోసం ప్రాణాలిచ్చినవారిని ఇప్పుడు దున్నేవాడే మిగలని చోట, ప్లాట్ల రాళ్లు పాతిన వెంచర్ల పక్కన స్మరిస్తారు. ఫ్లెక్సీ కింది వరుసలో నవ్వుతున్నవారిలో ఆ వెంచర్ల యజమానులు ఉండటం అరుదేమీ కాదు. పోరాటం భూమి కోసం జరిగిందన్న ఒక్క విషయం తప్ప మిగతావన్నీ వారికి గుర్తున్నాయి. ఆ పోరాటపు ఒత్తిడికే 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. సాగు చేస్తున్న రక్షిత కౌలుదారుకు యాజమాన్యం దక్కించే దాని 38-ఇ సెక్షన్ పేరు నేటికీ నగర శివార్లలో ఎక్కువగా వినిపించేది కోర్టు కాగితాల్లోనే. ఈసారి మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో జెండా ఎగరేసే నాయకులు, ప్రసంగానికి బదులు తమ మండలంలో 38-ఇ కింద భూమి రావలసి ఉండీ రాని కుటుంబాల జాబితా చదివి వినిపించాలి. ఆ తర్వాత ఆ రోజుకు వారు ఏ పేరు పెట్టుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు.