తెగింది నేనే, తెంపింది ఆయన

నా మీద ఒక నింద ఉంది. ఇంటికి చుట్టాలో స్నేహితులో వస్తే చాలు, భోజనాలయ్యాక మా యజమాని వాళ్లను గ్యారేజీలోకి తీసుకొచ్చి, గోడకి ఆనించిన గాలపు కర్ర చూపించి, ఆ నింద కొత్తగా వేసేవాడు. "ఇదిగో, ఈ కర్రతోనే. పడవ అంచుదాకా వచ్చిందండీ. దిక్కుమాలిన లైను, ఫట్‌మని తెగింది." వచ్చినవాళ్లు అయ్యయ్యో అనేవాళ్లు. ఆ జాలంతా ఆయనకే. రీలుకి చుట్టుకుని అక్కడే ఉన్న నా వంక చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పినప్పుడల్లా చేప ఓ పౌండు బరువెక్కేది, నేను ఓ పిసరు సన్నబడేదాన్ని.

నేను గాలపు దారాన్ని. నైలాన్‌దాన్ని, ఒంటిపోగుదాన్ని. పుట్టుక గురించి ఎక్కువ చెప్పను, అందులో నా గొప్పేమీ లేదు. నైలాన్‌ని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో తయారుచేసింది. 1938లో లోకానికి చాటారు. మా వాళ్లలో కొందరు పళ్లు తోముకునే బ్రష్షులయ్యారు, కొందరు ఆడవాళ్ల మేజోళ్లయ్యారు, యుద్ధం వచ్చాక కొందరు పారాచూట్లై ఆకాశానికెళ్లారు. మా శాఖ మాత్రం నీళ్లపాలైంది.

నా డబ్బా మీద 12 పౌండ్లు అని అచ్చువేసి ఉండేది. కిలోల్లో చెప్పాలంటే దాదాపు అయిదున్నర. అంత బరువు లాగితేనే తెగుతానని దాని అర్థం. అది నేను కొత్తగా, ఎక్కడా గీత పడకుండా ఉన్నప్పటి మాట. ముడి కూడా శుద్ధంగా ఉండాలి. ఈ షరతులన్నీ డబ్బా మీద అంత పెద్ద అక్షరాల్లో రాయరు. రాసినా మా యజమాని చదివే రకం కాదు.

ఆయనది తూర్పు గోదావరి. టెక్సస్‌లో ఫ్రిస్కో ఊళ్లో ఇల్లు, సాఫ్ట్‌వేర్ కొలువు. ఆఫీసులో ఎవరో అమెరికన్ ఎక్కించిన పిచ్చి ఈ బాస్ చేపల వేట. పిచ్చి పట్టాక మనిషి లోటు చెయ్యలేదు. కర్ర ఖరీదైనది, రీలు అంతకంటే ఖరీదైనది. నీళ్ల మీద తళతళ కొట్టకుండా ప్రత్యేకంగా కళ్లజోడు. ఎరల పెట్టెలు మూడంతస్తులవి. రబ్బరులా సాగే ప్లాస్టిక్ వానపాములే రంగురంగులవి బోలెడు. ఆ ప్లాస్టిక్ వానపాముకి ఆద్యుడు నిక్ క్రీమ్ అనే ఒహాయోవాడు, 1949లో. గాలం మొన కనబడకుండా దాని ఒంట్లో దాచి, మొద్దుల సందుల్లోకి వెయ్యడం ఇక్కడివాళ్ల పద్ధతి. దానికి టెక్సస్ రిగ్ అనే పేరే ఉంది. ఇన్ని కొన్న మనిషి, నా దగ్గరికొచ్చేసరికి అంగట్లో తగ్గింపు ధరల బుట్టలో చెయ్యి పెట్టాడు. చేపకీ ఆయనకీ మధ్య ఉండేది నేనొక్కదాన్నేనన్న సంగతి ఆ పూట తోచలేదు కాబోలు.

అయినా మొదటేడు నేను పని బాగానే చేశాను. లూయిస్‌విల్ చెరువులో రెండేసి, మూడేసి పౌండ్ల చేపల్ని ఒడ్డుకు తెచ్చాను. బాస్ నోరు తెరిచిందంటే ఎరను కొరకదు, నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. ఆ 'టక్' నాలోంచే ఆయన వేలికి అందేది. గాలం పడగానే నీళ్లలోంచి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ విదిలింపుకి నేను కాస్త సాగి, మళ్లీ బిగుసుకుంటాను. ఆ సాగడంలోనే నా విద్య అంతా ఉంది. ప్రతి చేపకీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. చేప ఉంటుంది, ఆయన ఉంటాడు, కళ్లజోడు ఉంటుంది. నేనెక్కడా ఉండను. కనబడకుండా ఉండడమే నా ఉద్యోగం కాబట్టి దానికి బాధపడలేదు.

బాధపడింది ఆ తర్వాత. వేట నుంచి రాగానే కర్రను కారు డిక్కీలో పడేసేవాడు. వారాల తరబడి అక్కడే. టెక్సస్ వేసవిలో మూసిన డిక్కీ ఎలా ఉంటుందో, నల్ల కారున్నవాళ్లు ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. మాకు ఎండ పడదు. అందులోని అతినీలలోహిత కిరణాలు మమ్మల్ని పెళుసెక్కిస్తాయి. వేడీ పడదు. నీళ్లలో పని చేసేదాన్నే అయినా, నీళ్లు పీల్చుకుంటే కాస్త బలం తగ్గుతాను. ఎక్కువ కాలం రీలుకి చుట్టి ఉంచితే ఆ చుట్ట ఆకారమే ఒంటికి పట్టేస్తుంది. విసిరినప్పుడు ఉంగరాలు ఉంగరాలుగా బయటికొస్తాను, అప్పుడు తిట్లు. తెలిసినవాళ్లు ఏడాదికొకసారైనా పాత లైను తీసేసి కొత్తది చుడతారు. రాయికో మొద్దుకో రాసుకుంటే చివర రెండు మూడు అడుగులు కోసి, గాలం మళ్లీ కడతారు. దీనికి పట్టేది రెండు నిమిషాలు. మా యజమానికి ఆ రెండు నిమిషాలు ఎన్నడూ దొరకలేదు, ఫోటోలకి మాత్రం ఎంతసేపైనా దొరికేది.

ఆ వసంతంలో గోదావరి నుంచి నాన్నగారొచ్చారు. పెద్దాయన కాలవగట్టు మీద వెదురు కర్ర, బెండు, వానపాముతో పెరిగిన మనిషి. కొడుకు ఆయన్ని గంటన్నర కారు ప్రయాణం మీద లేక్ ఫోర్క్‌కి తీసుకెళ్లాడు.

ఆ జలాశయం సంగతి రెండు ముక్కలు చెప్పాలి. సబైన్ నదిలో కలిసే ఒక వాగుకి ఆనకట్ట కట్టగా 1980లో ఏర్పడింది. దాదాపు 27 వేల ఎకరాలు. చెట్లు చాలావరకు కొట్టకుండానే నీళ్లు నింపారు. నిండకముందే ఫ్లోరిడా జాతి బాస్ పిల్లల్ని వదిలారు, ఆ జాతి భారీగా పెరుగుతుంది. 1986 నవంబరులో మార్క్ స్టీవెన్సన్ ఇక్కడ 17.67 పౌండ్ల చేపను పట్టాడు. దానికి ఎథెల్ అని పేరు పెట్టారు. పెద్ద చేపల్ని ప్రాణాలతో తీసుకుని వాటిచేత పిల్లలు పెట్టించే టెక్సస్ ప్రభుత్వ పథకంలో మొదటి చేప అదే. 1992లో బారీ సెయింట్ క్లెయిర్ పట్టిన 18.18 పౌండ్లదే ఇప్పటికీ రాష్ట్ర రికార్డు. అదీ ఇక్కడిదే. కాబట్టి ఈ నీళ్లలో గాలం వేసే ప్రతివాడూ లోపల ఒక ఎథెల్‌ని పెట్టుకునే వస్తాడు.

అద్దె పడవ ఎక్కుతూ కొడుకు ఇక్కడి నిబంధన వివరించాడు. పదహారు అంగుళాల నుంచి ఇరవై నాలుగు అంగుళాల దాకా ఉన్న బాస్ దొరికితే వదిలెయ్యాలి. ఇరవై నాలుగు దాటినవి రోజుకి ఒకటే ఉంచుకోవచ్చు.

"ఉంచుకుంటావా మరి?"

"లేదు నాన్నా, ఫోటో తీసి వదిలేస్తాం."

"దీనికింత దూరం రావాలా? ఎంత లేదన్నా పులుసుకైనా పనికొస్తాయి కదరా."

మొద్దు పక్కన నీడలో పొంచి ఉండే చేప అని విన్నాక మాత్రం ఆయనకి ఆసక్తి పుట్టింది. "అయితే మన కొరమీను లాంటిదన్నమాట," అన్నారు. ఆ పోలిక తప్పేం కాదు. కాకపోతే తెలంగాణకి రాష్ట్ర చేప అయిన కొరమీను, టెక్సస్‌లో నిషిద్ధ జాతి. ప్రాణంతో దగ్గర పెట్టుకోవడమే నేరం. ఎక్కడి గౌరవం అక్కడిదే.

పొద్దున్నే రెండుసార్లు మొద్దులకి తగులుకున్నాను. రెండుసార్లూ యజమాని కర్రను అటూ ఇటూ ఝాడించి లాగాడు. రెండోసారి మునిగిన చెట్టు బెరడు నన్ను కోసుకుంటూ పోయింది. గాలానికి జానెడు పైన, ఒక పక్క ఒళ్లు లేచిపోయింది. పెద్దాయన నన్ను అందుకున్నారు. బొటనవేలి గోరుకీ చూపుడు వేలికీ మధ్య పట్టి, గాలం దగ్గర్నుంచి పైకి మెల్లగా లాగారు. దెబ్బ తగిలిన చోట గోరు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ లాగారు. మళ్లీ అక్కడే ఆగింది. నా జన్మలో నన్ను అలా తడిమి చూసిన మనిషి ఆయనొక్కరే.

"ఒరే, ఇది నలిగింది. కోసేసి మళ్లీ కట్టు. కట్టేటప్పుడు ముడి మీద కాస్త ఉమ్ము తగిలించి బిగించు, పొడిగా లాగితే కాలిపోద్ది."

"పర్లేదు నాన్నా, పన్నెండు పౌండ్లది. నీ వానపాముల దారం కాదులే."

ఉమ్ము తగిలించే పద్ధతి అమెరికాలో ఆరితేరినవాళ్లందరిదీ. పొడిగా బిగిస్తే రాపిడికి పుట్టే వేడి మమ్మల్ని ముడి దగ్గరే చంపేస్తుంది. చదువుకున్న కొడుక్కి అది తెలీదు, కాలవగట్టు తండ్రికి తెలుసు. పెద్దాయన ఇంక మాట్లాడలేదు. కర్ర కొడుకుది, చెరువు కొడుకుది.

అదే మొద్దు పక్కన మళ్లీ వేశాడు. ఎర మునిగింది. 'టక్' అనలేదు, అదే వింత. ఏదో బరువు నన్ను పక్కకి నడిపించుకుపోవడం మొదలుపెట్టింది. అంత నింపాదిగా నడిచేది పెద్దదే, ఆడదే. ఈ జాతిలో భారీ చేపలన్నీ ఆడవే. యజమాని కర్ర ఎత్తి కొట్టాడు. గాలం దిగింది. ఆ తర్వాత అది తల తిప్పింది చూడండి, రీలు ఉన్నంత మేరా నేను వయొలిన్ తీగనయ్యాను.

ఇక్కడ రీలు గురించి ఒక మాట. దానికో చుక్క ఆకారం చక్రం ఉంటుంది. దాన్ని సరిగ్గా సర్దితే, చేప గట్టిగా లాగినప్పుడు రీలు తనంతట తాను కొంచెం కొంచెం లైను వదులుతుంది. నా బలంలో మూడోవంతో నాలుగోవంతో లాగుడికి అది వదలడం మొదలుపెట్టాలి. మా యజమాని ఆ చక్రాన్ని కొన్నరోజే చివరికంటా బిగించేశాడు. అది చాలదన్నట్టు కంగారులో రీలు మీద బొటనవేలు వేసి అదిమాడు.

చేప పడవ పక్కన నీళ్లు చీల్చుకుని లేచింది. బిందె మూతంత నోరు. ఇద్దరూ చూశారు. యజమాని ఫోను ఎక్కడుందని అడిగాడు! అది తల ఒక్కసారి విదిలించి కిందికి దూకింది. నేను సాగాను, సాగగలిగినంతా సాగాను. గోరు ఆగిన చోటే తెగాను.

నేను త్రాసును కాను. కానీ ఎన్నో చేపల బరువు మోసినదాన్ని, ఆ లెక్కన చెబుతున్నాను, అది ఎనిమిది పౌండ్లు ఉంటుంది. పట్టు దక్కితే ఆ పూటకి అది చాలా గొప్ప. గ్యారేజీలో మొదట పది అయింది. ఆ పైన పదమూడయింది. పదమూడు దగ్గర ఆగడానికి కారణం ఉంది. ఎథెల్ చేరిన ఆ ప్రభుత్వ పథకంలోకి, పిల్లలు పెట్టించడానికి ప్రాణాలతో తీసుకోవాలంటే కనీస బరువు అదే.

తెగిన కొస చూస్తే నేరం ఎవరిదో చెప్పొచ్చు. కొస పంది తోకలా మెలి తిరిగి ఉంటే ముడి జారిందని అర్థం. గరుకుగా, తెల్లబారి ఉంటే రాపిడి తిన్నదని. పెద్దాయన నా కొసను వెలుతురుకి ఎత్తి చూశారు. తెల్లగా ఉంది. కొడుకు వైపు చూశారు. కొడుకు అప్పటికే లైను కంపెనీని తిడుతున్నాడు.

పెద్ద చేపను పోగొట్టుకోవడంలోనూ మర్యాద ఉంటుంది. ఈ జాతి బాస్‌లో ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు. జార్జియాలో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు 1932లో పట్టి, ఇంటికి తీసుకెళితే వండుకు తినేశారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టినది ఔన్సు తేడాతో దానికి సమానమని లెక్క వేశారు. వీటి మధ్య, 2006లో, కాలిఫోర్నియాలోని డిక్సన్ చెరువులో మాక్ వీక్లీ అనే ఆయన గాలానికి 25 పౌండ్ల 1 ఔన్సు చేప తగిలింది. చూస్తే గాలం నోట్లో లేదు, బయట ఒంటికి గుచ్చుకుని ఉంది. న్యాయంగా పట్టినట్టు కాదు. తూచి వదిలేశాడు, రికార్డు అడగనూ లేదు. ఆయన దారాన్ని తిట్టినట్టు ఎక్కడా వినలేదు.

ఇక నా సంగతి. గాలంతో పోయిన ఆ జానెడు ముక్క చేప మూతికే ఉండిపోయింది. చాలాసార్లు చేపలు గాలాన్ని ఎలాగో వదిలించుకుంటాయి, ఇనుము కూడా తుప్పు పడుతుంది, దానికి ఫరవాలేదనే అనుకుంటున్నాను. మిగిలిన నన్ను కొన్నాళ్లు గ్యారేజీలో సాక్ష్యానికి ఉంచి, తర్వాత అల్లిక లైను కొన్నాడు. నాకంటే సన్నం, నాకంటే బలం, సాగదు. కొత్త కోడలొచ్చిందని పాతదాన్ని దింపడం కూడా చెరువు దగ్గరే కానిచ్చాడు. పడవలు దింపే రేవు పక్కన నిలబడి, రీలు నుంచి బారలు బారలుగా లాగి, ఉండ చుట్టి పొదలోకి విసిరాడు. చెత్తబుట్ట ఇరవై అడుగుల దూరంలో ఉంది.

పని చేసినన్నాళ్లూ త్వరగా పాడయ్యానని తిట్లు తిన్నాను. ఇప్పుడు పాడవుదామన్నా ఒక పట్టాన అవను. మాలాంటివాళ్లం పూర్తిగా నశించడానికి 600 ఏళ్లు పడుతుందని ఒక అంచనా. ఉండ విడిపోయి గాలికి కొమ్మలకి పాకాను. మొన్న ఒక కొంగ కాలు నాలో చిక్కుకుంది. కొట్టుకున్నకొద్దీ బిగుసుకున్నాను. బిగుసుకోవడమే కదా నాకు నేర్పింది. ఎవరో పుణ్యాత్ముడు పడవలోంచి దిగి కత్తిరించబట్టి బతికింది. కాలికి ఒక చుట్టు అలాగే ఉండిపోయింది.

చాలా రేవుల దగ్గర, చేపల సామాను అంగళ్లలో, తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టి ఉంటాయి, మాలాంటి ఒంటిపోగు నైలాన్ కోసమే. అందులో వేస్తే కరిగించి వేరే వస్తువులు చేస్తారు. అల్లిక లైను అందులో వెయ్యకూడదు, దాన్ని మామూలు చెత్తలో వెయ్యాలి. గొట్టం లేని చోట, కృష్ణ గట్టయినా గోదావరి గట్టయినా, జానెడు కంటే చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వెయ్యండి. ఈసారి వేటకెళ్లే ముందు చివరి నాలుగడుగులూ గోటితో ఒకసారి లాగి చూడండి. గోరు ఆగితే అక్కడ కోసేసి, కాస్త ఉమ్ము తగిలించి, మళ్లీ కట్టండి.