ప్రీలాంచ్ సైకిల్

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏ వస్తువైనా పుట్టకముందే అమ్ముడుపోవాలి. ఈ నేల ఆచారం అది. సాగర్ రోడ్డు మీద బొంగ్లూర్ గేటు దాటింది మొదలు ఫ్లెక్సీల్లో ఈతకొలను ఉంటుంది, క్లబ్‌హౌస్ ఉంటుంది, బెలూన్లు పట్టుకుని పరిగెత్తే పిల్లలుంటారు. ఫ్లెక్సీ వెనక్కి వెళ్లి చూస్తే కందిచేను, రెండు మేకలు. రిజిస్ట్రేషన్ కాని ప్రాజెక్టుకు ప్రకటనలివ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు అని 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్‌లో స్పష్టంగానే ఉంది. ఆ సెక్షన్ చదివినవాళ్లకంటే ప్రీలాంచ్ ఆఫరుకు అడ్వాన్సు కట్టినవాళ్లే ఎక్కువని నా అనుమానం.

ఇలాంటి చోట సైకిలు మాత్రం ఎందుకు వెనకబడాలి? అందుకే ఒక కొత్త జాతి తయారైంది. వీళ్లు గుట్టలెక్కే సైకిలు కొనరు. కొనబోయే సైకిలుకు విడిభాగాలు ఏరుతారు. ఆ సైకిలు ఇంకా మార్కెట్లోకి రాలేదు. కంపెనీ ‘త్వరలో’ అంది, అంతే. పేటెంటు ఆఫీసులో దొరికిన రెండు గీతల బొమ్మలు, ఏదో పోటీలో ఎవరో నల్ల టేపు చుట్టి తొక్కిన సైకిలు మసక ఫొటో, ఇవీ ఆధారాలు. వీటిని ముందేసుకుని ఆర్నెల్లపాటు ఫోర్కు ఏది, షాకు ఏది, రిమ్ములేవి, హబ్బు ఎక్కడిది అని చేసే తపస్సు పేరు ‘కస్టమ్ బిల్డ్’. ఆ తపస్విని మనం బిల్డుబాబు అందాం.

బిల్డుబాబు దగ్గర సైకిలు లేదు కానీ స్ప్రెడ్‌షీటు ఉంది. అది మామూలు షీటు కాదు. భాగం పేరు, కంపెనీ, ధర, రంగు, బరువు గ్రాముల్లో, అదీ పాయింటు తర్వాత ఒక అంకెతో. ఉక్కు బోల్టు తీసి టైటానియం బోల్టు వేస్తే బరువు ఇంచుమించు నలభై శాతం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ బోల్టు ఉన్నదే గోరంత. బోల్టులన్నీ మార్చి, బిల్లు చూసి కళ్లు తుడుచుకుని, మిగిల్చిన బరువంతా గుప్పెట్లో పోసుకుంటే గుక్కెడు నీళ్లంత ఉండదు. సీసాలో పోసుకునే లీటరు నీళ్లు మాత్రం కిలో బరువు. వాటికి షీటులో వరస లేదు.

లేని వరస ఇంకోటుంది. సస్పెన్షన్ లెక్క మొదలయ్యేదే మనిషితో. ఎక్కి కూర్చుంటే వెనక షాకు తను నొక్కుకోగల మొత్తం మేరలో పాతిక నుంచి ముప్పై శాతం కుంగాలి, ముందు ఫోర్కు అంతకంటే కాస్త తక్కువ. అందులో కొట్టాల్సిన గాలి పీడనం తొక్కేవాడి బరువును బట్టి ఉంటుంది. పెడలు బరువు రెండు వెబ్‌సైట్లలో సరిచూసి, తేడా వస్తే సగటు తీసి రాసిన మహానుభావుడు, ‘తొక్కేవాడి బరువు’ అన్న గడి దగ్గరికొచ్చేసరికి దాన్ని ఖాళీగా వదిలేశాడు. వదిలేయడమే మంచిది. ఆ గడి నింపితే బోల్టుల వరసలన్నీ సిగ్గుతో చచ్చిపోతాయి.

ఇక షాకు సంగతి. వెనక షాకులకు కొలతలుంటాయి: 210కి 55 మిల్లీమీటర్లు, 230కి 65, ఇలా. మొదటిది నిడివి, రెండోది అది నొక్కుకునే మేర. ఏ ఫ్రేముకు ఏది పడుతుందో ఫ్రేము గీసినవాడు నిర్ణయిస్తాడు. ఫ్రేమే రానప్పుడు కొలత ఎలా తెలుస్తుంది? బాబుకు తెలుస్తుంది. మసక ఫొటోలో చక్రం అంచు నుంచి అంచుకు స్కేలు పెట్టి, చక్రం 29 అంగుళాలు కనుక షాకు ఇంత అని తేల్చాడు. తగ్గింపు ధరకు దొరుకుతోందని కొనేశాడు కూడా. ఆ డబ్బా ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది.

“ఏముందండీ అందులో?” అని ఇల్లాలు అడిగింది.

“షాకు.”

“అది కార్డు బిల్లు వచ్చినప్పుడే తగిలింది లెండి.”

ఫ్రేము ఏ కొలతతో వస్తుందో ఫ్రిజ్‌కేం తెలుసు, అది మోస్తోంది.

బాబు సమాధానం ఒకటుంది. కంపెనీ బిగించి పంపే సైకిలు మందకోసం, మనిషికోసం కాదు. నా సైకిలు నా ఒంటికి తగ్గట్టు ఉండాలి. ఈ రుచి మన దేశంలో ఇప్పుడిప్పుడే వస్తోంది. ఈ చివరి మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడిప్పుడే రావడమేమిటి బాబూ? మీ తాత చేయించుకున్నది ఏమనుకున్నావు? లుధియానా నుంచో మద్రాసు నుంచో సైకిళ్లు బిగించి వచ్చేవి కావు. ఫ్రేములు ఒక కట్ట, రిమ్ములు ఒక కట్ట, హ్యాండిళ్లు కాగితాలు చుట్టుకుని ఇంకో కట్ట. షాపులో బల్ల మీద కూర్చుంటే ముందు మనిషిని చూసేవాళ్లు. పొడుగ్గా ఉంటే 24 అంగుళాల ఫ్రేము, లేకుంటే 22. పాలు పోసేవాడైతే డబుల్ బారు, లావు చువ్వలు, క్యాన్లు తగిలించేందుకు గట్టి క్యారియరు. గీత కార్మికుడైతే కల్లు లొట్లు వేలాడదీసుకోవడానికి ఇరుపక్కలా కొక్కేలు, మోకూ ముత్తాదూ పెట్టుకోవడానికి చోటు. బడిపంతులైతే చైను కవరు నిండుగా ఉండాలి, లేకుంటే ధోవతి గొలుసులో పడుతుంది. రాత్రిపూట ఊరికి పోయేవాడైతే డైనమో. సీటు కింద రెండు లావుపాటి స్ప్రింగులు, అదే సస్పెన్షన్, దానికి గాలి కొట్టక్కర్లేదు. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే చక్రాల బెండు తీసి, బ్రేకు కడ్డీలు సరిచేసి, మధ్యాహ్నం భోజనం వేళకు సైకిలు చేతికిచ్చేవాళ్లు. పసుపూ కుంకుమా పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, అదే సాయంత్రం దాని మీద అరవై కిలోల ధాన్యం వేసుకుని పెద్దచెరువు కట్ట మీద నడిపించుకుపోయినవాడు తన సైకిలును కస్టమ్ బిల్డ్ అనలేదు. సైకిలు అన్నాడు.

ఆ తరం సామాను మీద వెక్కిరింపు ఒకటి. “అబ్బే, ఆ పాత బీఎస్ఏ సైకిళ్లు…” అని బాబు పెదవి విరుస్తాడు. అదే బాబు షీటులో బాటమ్ బ్రాకెట్ వరస చూడండి, ‘బీఎస్ఏ థ్రెడెడ్, తప్పనిసరి’ అని బోల్డు అక్షరాల్లో ఉంది. పెడళ్ల ఇరుసు కూర్చునే చోట మర తిప్పి బిగించే ఆ కొలత పేరు, తుపాకులు చేసి సైకిళ్లలోకి దిగిన బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ నుంచి వచ్చింది. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ అంబత్తూరు నుంచి దేశమంతా పంపిన సైకిళ్లలో కొన్నిటి మీదా ఆ బీఎస్ఏ పేరే. పోయిన ఇరవై ఏళ్లలో సైకిలు కంపెనీలు మర పాతబడిందన్నాయి, బేరింగులను నొక్కి దూర్చే పద్ధతి తెచ్చాయి, అది కిర్రుకిర్రుమంటే గ్రీజు అమ్మాయి, తర్వాత ఒక్కొక్కటీ చల్లగా మర దగ్గరికే తిరిగొచ్చాయి. తిరిగి రావడాన్ని కూడా కొత్త మోడల్ అనే అమ్మాయి. వెనక ఇరుసు వెడల్పు 142 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని 148 చేశారు, కొందరు 157 చేశారు. ప్రతి మార్పుకూ బాబు ఇంట్లో ఒక జత చక్రాలు అటక ఎక్కాయి.

పోనీ, ఈ గుట్టల సైకిలు ఆట పుట్టిన చోటైనా ఇలాగే ఉండేదా అంటే, అదీ లేదు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1970లలో 1930లు, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్లను పాత సామాన్ల కొట్లలోంచి లాక్కొచ్చి, దొరికిన ముక్క దొరికినట్టు తగిలించి మట్టిదారి మీద కిందికి దూకించేవాళ్లు. 1976 అక్టోబరు 21న జరిగిన తొలి పందేనికి ‘రీప్యాక్’ అనే పేరు ఎందుకొచ్చిందంటే, కొండ దిగేసరికి వెనక బ్రేకులో గ్రీజు కాలి పొగైపోయేది, మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. జో బ్రీజ్ ఆ పని కోసమే ప్రత్యేకంగా ఫ్రేము చేసింది ఆ తర్వాత. స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను దుకాణాల్లోకి తెచ్చింది 1981లో. అంటే ముందు కొండ, తర్వాత విరగడం, ఆ తర్వాత భాగం. ఏది విరిగిందో దాన్ని గట్టిగా చేసుకున్నారు. మన బాబుది తిరగేసిన వరస: ముందు భాగం, తర్వాత ఫ్రేము, కొండ ఎప్పుడో చూద్దాం.

కస్టమ్ బిల్డే దండగని నేననను. ఉన్న సైకిలు నాలుగేళ్లు తొక్కి, రెండు రిమ్ములు సొట్టలు పడేసి, తన మణికట్టుకు ఏ హ్యాండిల్ నొప్పి పెడుతుందో తెలుసుకున్నవాడు ఒక్కో ముక్కా మార్చుకుంటూ పోతే, ఆ సైకిలు చివరికి అతని ఒంటికే కుట్టిన చొక్కాలా ఉంటుంది. అలాంటివాడికి షీటు అక్కర్లేదు. షీటు ఉన్నవాడికి సొట్టలు లేవు, అదీ నా గొడవ.

డబ్బు సంగతి తొందరగా దాటేద్దాం, బాబూ అలాగే దాటేశాడు కనుక. అమెరికాలోనే వెయ్యి డాలర్లు దాటే ఫోర్కు ఓడ దిగి, సుంకం కట్టి, కొరియర్ ఎక్కి సాగర్ రోడ్డుకు వచ్చేసరికి ఎంతవుతుందో మీరే వేసుకోండి. బిగించిన సైకిళ్ల దిగుమతి సుంకాన్ని 2023 బడ్జెట్‌లో 30 నుంచి 35 శాతానికి పెంచారు. ఆ వార్త చదివి బాబు “చూశారా, అందుకే విడిభాగాలు తెప్పించుకుంటున్నా, పొదుపు” అన్నాడు. పొదుపు చేసి చేసి మనిషి ఫైనాన్సు కంపెనీ దగ్గర తేలాడు. పక్కనే ఆదిబట్లలో టాటా బోయింగ్ వాళ్లు 2018 నుంచి అపాచీ యుద్ధ హెలికాప్టర్లకు ఒళ్లు బిగించి పంపుతున్నారు. అక్కడ గీసిన బొమ్మ ముందు, బోల్టు తర్వాత. రోజూ వాళ్ల గేటు ముందు నుంచే ఆఫీసుకు వెళ్లే మన బాబు, తైవాన్‌లో పెట్టెకెక్కని ఫ్రేముకు బోల్టుల రంగు ఊదానా, బంగారమా అని తేల్చుకోలేక రెండూ తెప్పించాడు.

అంతా విని మన పట్నంలో పంక్చరు షాపు పెద్దాయన అడిగేది ఒక్కటే. “అంతా మంచిగనే ఉంది సార్. గిది ఏడ తొక్కుతరు?”

బాబు దగ్గర దీనికి గొప్ప జవాబుంది. మంచాల దాటితే రాచకొండ వైపు గుట్టలున్నాయి. ఇరువైపులా రాతిగుండ్లు, మధ్యలో మేకల బాట, అక్కడ 160 మిల్లీమీటర్ల సస్పెన్షన్‌తో దిగితే ఆ మజాయే వేరు. వినడానికి బాగుంది. ఈ దక్కన్ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అన్నేళ్లు ఎండకూ వానకూ నిలబడి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచిన గుండ్లవి. వాటికి ఇప్పుడు క్రషర్లు తగులుకున్నాయి. పొద్దున డ్రిల్లు, మధ్యాహ్నం పేలుడు, సాయంత్రానికి టిప్పర్లో కంకర. కంకర వెళ్లేది ఎక్కడికి? ఫ్లెక్సీలోని క్లబ్‌హౌస్‌కు. మేకల బాట ఎక్కడైనా మిగిలితే దాని మీద తెల్ల సున్నం పూసిన హద్దురాళ్లు, ముందు కమాను, వాచ్‌మన్ గుడిసె. సైకిలు వేసుకుని వెళ్తే వాచ్‌మన్ లేచి, “ప్లాటు చూస్తరా సార్?” అంటాడు.

బాబు ఆర్నెల్లు షాకు ఏరుతుంటే గుట్ట ఆర్నెల్లు తరిగింది. మిల్లీమీటరు తేడాకు నిద్రపోనివాడు తన కొండ ఎంత తగ్గిందో కొలవలేదు. రాతిగుట్టలు కాపాడాలని హైదరాబాదులో 1996 నుంచీ ఒక సంఘమే ఉంది, రాళ్ల మధ్య నడకలు కూడా పెడుతుంది. ఆ నడకకు రమ్మంటే బాబు క్యాలెండరు చూశాడు. ఆ ఆదివారం ఒక యూరప్ కంపెనీ హబ్బులో పళ్లు ఎన్నుంటే మంచిదనే వీడియో ఉందట, మూడు గంటలది.

చివరికి ఫ్రేము విడుదలైంది. వెనక షాకు కొలత వేరు. బాబు కుంగిపోతాడనుకున్నాం, షాకు కుంగినంత కూడా కుంగలేదు. సంబరంగా షీటులో కొత్త ట్యాబు తెరిచాడు. ఇంకో షాకు వచ్చింది, చక్రాలొచ్చాయి, వైరు లేని గేర్లొచ్చాయి. వాటికి రాత్రిళ్లు ఫోనుతోపాటు చార్జింగు పెట్టాలి. ఎవరి దగ్గరో బిగింపించి, ఫొటో కోసం సైకిలును పెద్దచెరువు కట్ట మీద నిలబెట్టారు. మల్కిభరాముడనిపించుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోస్తున్న ఊరి చెరువు, వెనక సూర్యుడు, ముందు ఊదా బోల్టులు. తొక్కలేదు, టైర్లకు మట్టి అంటుతుందని.

తొలి సవారీకి ముహూర్తం ఆదివారం కుదిరింది. కారు వెనక ర్యాకు బిగించి, దాని మీద సైకిలు కట్టి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నార్సింగి పోయారు. అక్కడ 2023 అక్టోబరులో తెరిచిన సైకిలు ట్రాకుంది, మొత్తం 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ పలకల కప్పు, కింద అద్దంలాంటి నేల. గుంతనేదే లేదు. అలాంటి నేల మీద సస్పెన్షన్ ఊగితే తొక్కిన శక్తంతా వృథా కదా, అందుకని బాబు ఫోర్కుకూ షాకుకూ ఉన్న లాకౌట్ మీటలు రెండూ బిగించేసి, 160 మిల్లీమీటర్లకూ తాళం వేసి, ఎనిమిది కిలోమీటర్లు తొక్కి, కొబ్బరినీళ్లు తాగి వచ్చాడు.

రాత్రి మళ్లీ షీటు ముందు కూర్చున్నాడు. ఆ లాకౌట్ మీటలు బరువెక్కువ ఉన్నాయట, కార్బన్‌వి దొరుకుతాయేమో చూస్తున్నాడు.