గుడ్డకు అంటిన నలుపు

మూడేళ్ల కింద నేను చేసిన పనిని ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. బాపుకు కొంత చెప్పాను. నా భార్యకు కొంత తెలుసు. ఆదివారం కలిసే స్నేహితులకు అసలే తెలియదు. ఆ ముక్కలన్నీ ఒక్కచోట పెట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. పద్మశాలీలం. బాపు 1974లో, ఇరవయ్యేళ్ల వయసులో, మరమగ్గాల పనికి సూరత్ వచ్చాడు. మావాళ్లు కొందరు భీవండికి, కొందరు షోలాపూర్‌కు, కొందరు ఇటు సూరత్‌కు చెదిరిపోయిన కాలం అది. మొదట లింబాయత్‌లో కిరాయి గది, చాలా ఏళ్లకు డిండోలిలో సొంత ఇల్లు. నేను ఇక్కడే పుట్టి, మున్సిపల్ తెలుగు బడిలో ఏడు చదివి, పదహారేళ్లకు మగ్గమెక్కాను. పద్నాలుగేళ్లు కార్ఖానాలో ఉన్నాను. ఇప్పుడు దారం దలాలీ చేస్తున్నాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఇంటికి ఒక రేకుపెట్టె వచ్చింది. అందులో పద్నాలుగు గ్రామఫోను ప్లేట్లు. నల్లగా, బరువుగా, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం ప్లేట్లు. దానితోపాటు హెచ్‌ఎంవీ వాళ్ల చిన్న పెట్టె ప్లేయరు. పాతాళభైరవి, మల్లీశ్వరి పాటలు కొన్ని, నాటకం పద్యాలు కొన్ని. అన్నిటికంటే బాపు ఎక్కువగా వేసేది ఘంటసాల పాడిన పుష్పవిలాపం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పద్యాలు, పూజకని పూలు కోయబోయినవాడికి పూలే మొరపెట్టుకునే పద్యాలు. బాపు ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ప్లేటు పెట్టి, ప్లేయరు పెట్టె మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చునేవాడు. మగ్గాల మోతకు ఆయన చెవులు అప్పటికే మందగించాయి. చెవికి చాలనిది చేతితో అందుకునేవాడు. 2006 వరదల్లో ఖాడీ వాగు నీళ్లు గల్లీలోకి వస్తున్నాయని కేక వినగానే ఆయన ముందు ఆ రేకుపెట్టెను అటకెక్కించాడు. గోధుమల సంచి ఆ తర్వాత.

నాకు ఈ పిచ్చి పట్టింది 2019లో. దారం కొనే ఒక సేఠ్ అడాజణ్‌లో తన ఇంట్లో ఎల్పీ రికార్డు వినిపించాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్ కొన్నాను. కొన్నాక ఇంకా ముగ్గురు పరిచయమయ్యారు. ఉధనాలో మగ్గం విడిభాగాలమ్మే ఆయన దగ్గర పాత ఇంగ్లండు గారార్డ్ టర్న్‌టేబుల్ ఉంది. ఇంకొకాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, ఆయనది టెక్నిక్స్. మూడోవాడు వరాఛాలో వజ్రాలకు సానపట్టే రత్నకళాకారుడు. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడేవాళ్లం.

వరాఛా మిత్రుడి దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. టర్న్‌టేబుల్ ముల్లు కొసన ఉండేది వజ్రమే. పది రెట్లు పెద్దదిగా చూపే తన భూతద్దంతో ఆ కొసను చూసి, ఎటువైపు అరిగిందో, ఎక్కడ దుమ్ము గడ్డకట్టిందో చెప్పేవాడు. ముల్లు ప్లేటు మీద ఎంత బరువుతో ఆనాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. మరీ తేలికైతే గాడిలో ఎగిరి గాడిని గీరుతుంది, మరీ బరువైతే గాడిని నలిపేస్తుంది. దాన్ని కొలవడానికి అందరూ చిన్న తరాజు కొంటారు, మేము కొనలేదు. అతని వజ్రాల తరాజు చాలింది. రెండు గ్రాములంటే పది క్యారట్లు. నా ముల్లు తొమ్మిది క్యారట్లు ఆనాలి. గుజరాతీ, హిందీ, తెలుగు కలగలిసిన ఆ గదిలో మేం ముల్లు బరువును క్యారట్లలోనే మాట్లాడుకునేవాళ్లం. ఆ గంటలు నిజంగా మంచివి. అవి తప్పని నేను అనడం లేదు.

డిండోలిలో ఇంకో కష్టం ఉంది. మా ఇంటి వెనక సందులో మగ్గాలు నడుస్తాయి, కొంచెం దూరంలో ఉధనా–జల్‌గావ్ రైలు మార్గం. గూడ్సు బండి పోతే నేల వణుకు ముల్లు దాకా వస్తుంది, స్పీకర్లో సన్నని గుర్రుగా వినబడుతుంది. కోటా రాయి పలక కొని కింద పరిచాను. దాని కింద సగానికి కోసిన టెన్నిస్ బంతులు పెట్టాను. చివరికి ఇటుక గోడకు చెక్క అరమర బిగించి టర్న్‌టేబుల్‌ను నేల నుంచి విడదీశాకే గుర్రు తగ్గింది. మూడువందల రూపాయల చెక్క చేసిన ఆ మేలు నా కొనుగోళ్లలో మరేదీ చేయలేదు.

కాని అక్కడితో ఆగలేదు. బెల్టుది అమ్మి, మోటారు నేరుగా తిప్పే టర్న్‌టేబుల్ తెచ్చాను. తెల్లారకముందే ఫ్లయింగ్ రాణీ ఎక్కి ముంబై పోయి, లామింగ్టన్ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాలు తిరిగి, రాత్రికి అదే బండిలో వచ్చేవాణ్ణి. ముల్లు అమరే కార్ట్రిడ్జ్‌లలో అయస్కాంతం కదిలేది తీసేసి తీగచుట్ట కదిలేది పెట్టాను. అది దెనాన్ డీఎల్-103, జపాను ఎన్‌హెచ్‌కే రేడియో కోసం 1960లలో తయారైన నమూనా. దాని నుంచి వచ్చే విద్యుత్తు మరీ సన్నం, మామూలు దానిలో పదో వంతు కూడా ఉండదు. కనుక దానికి తగిన ఆంప్లిఫయర్ వేరే కొనాలి. తర్వాత తీగలు, ఆ తర్వాత ఇంకా ఖరీదైన తీగలు. రెండేళ్లలో మూడు లక్షల నలభై వేలు అయింది. ఇంటిపైన ఒక గది వేయడానికి నా భార్య కట్టిన చిట్టీ డబ్బు అందులో కలిసిపోయింది. ఆ గది ఇప్పటికీ లేదు. మా అమ్మాయి వంటింట్లో కూర్చుని చదువుకుంటుంది.

కొత్తది బిగించినప్పుడల్లా అదే ప్లేటు పెట్టేవాళ్లం. నాకది శంకరాభరణం ఎల్పీ. మొదటి వైపు తొలి నలభై సెకన్లు. ముల్లెత్తి, తీగ మార్చి, మళ్లీ అవే నలభై సెకన్లు. "ఇప్పుడు తాళాలు విప్పారాయి భాయ్" అంటాడొకాయన. "గొంతు ముందుకొచ్చింది" అంటాడింకొకాయన. నేనూ అనేవాణ్ణి. రెండేళ్లలో ఆ ప్లేటు రెండో వైపు ఒక్కసారి కూడా వినలేదు.

ఒక ఆదివారం బ్యాంకాయన పరీక్షల రికార్డు తెచ్చాడు. అందులో పాటలుండవు, ఒక్కొక్క కంపన సంఖ్యకు ఒక్కొక్క నాదం ఉంటుంది. వెయ్యి దగ్గర విన్నాను, రెండు వేల దగ్గర విన్నాను. నాలుగు వేలనగానే నా చెవుల్లో నిశ్శబ్దం. మిగతా ముగ్గురూ కళ్లు చిట్లించి వింటున్నారు. వాళ్ల మొహాలు చూసి తలూపాను. "బాగా స్పష్టంగా ఉంది" అన్నాను కూడా.

అది అబద్ధం. ఆ తర్వాత జరిగిందంతా ఆ అబద్ధంలోంచి వచ్చింది.

చాలా ఆలస్యంగా చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాను. గీత సాఫీగా వచ్చి నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంతలా దిగి, ఎనిమిది వేల దగ్గర కాస్త లేచింది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్ల చెవికి అది గుర్తట. "మగ్గాల మీద చేశారా?" అని నేను చెప్పకముందే అడిగాడు. షటిల్ మగ్గాల కార్ఖానాలో మోత తొంభై డెసిబెల్స్ దాటుతుంది. నేను పద్నాలుగేళ్లూ చెవిలో దూది కూడా పెట్టుకోలేదు. స, శ, ష లాంటి అక్షరాలకు పదునిచ్చే భాగం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. తాళాలు విప్పారాయని నేను పొగిడిన తీగల్లో ఆ తాళాల శబ్దం నాకు చేరనే లేదు.

2022 వానాకాలం. ఎల్పీలు కడగడం నేర్చుకున్నాను. మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్, ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెత్తని మఖ్మల్ గుడ్డ. ఎల్పీలు వినైల్ ప్లాస్టిక్‌తో చేసినవి, వాటికి అది ఏమీ చేయదు. కడిగిన ప్లేట్లు తళతళలాడాయి, చిటపటలు తగ్గాయి. బాపు రేకుపెట్టె గుర్తొచ్చింది. ఆయన పెట్టె ప్లేయరును అప్పటికే పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. 78 ప్లేట్ల గాడి వెడల్పు ఎక్కువ, దానికి లావుపాటి ముల్లు కావాలని తెలుసుకుని అదీ కొన్నాను. ముల్లు సంగతి అంత శ్రద్ధగా తెలుసుకున్నవాణ్ణి, ఆ ప్లేటు దేనితో చేశారో తెలుసుకోలేదు.

అది లక్క. లక్కలో రాతిపొడి, మసి కలిపి వేడిగా అచ్చొత్తినది. ఇంగ్లండులో వాటి కాలం తీరిపోయాక కూడా మన దేశంలో కొన్నేళ్లు అవే చేశారు. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78 ప్లేట్లుగా వచ్చాయి. లక్కకు ఆల్కహాలు పడదు, కరిగిపోతుంది.

మొదట పుష్పవిలాపం తీశాను. గుడ్డ తడిపి గాడి వెంట తిప్పాను. గుడ్డకు నల్లగా అంటింది. అది ఇన్నేళ్ల మురికనుకుని సంతోషించాను. ఇంకా తడిపి, ఇంకా ఒత్తి తుడిచాను. ఆరాక వేసి చూశాను. చిటపటలు తగ్గినట్టే అనిపించింది. పైస్థాయిలన్నీ పోయి గొంతు మొద్దుబారిందని గుర్తించి, చెవులున్నవాడైతే ఆ క్షణమే ఆగేవాడు. నాకు తెలియలేదు. తలూపడం అలవాటైనవాణ్ణి, నా ముందు నేనే తలూపుకున్నాను. ఆ సాయంత్రంలోగా ఇంకా ఐదు కడిగాను.

మరునాడు పొద్దున బాపును కూర్చోబెట్టాను. ఆయన అలవాటుగా స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు. కొంచెంసేపు విన్నాడు.

"గొంతేదిరా? గొంతు ఎటువాయె?" అన్నాడు.

"ముల్లు అరిగింది బాపూ. కొత్తది తెప్పిస్తా" అన్నాను.

రెండు రోజులకు పక్కింట్లో వడ్రంగి తలుపుకు పాలిష్ పెడుతున్నాడు. రాత్రంతా స్పిరిట్‌లో నానబెట్టిన చపడా డబ్బా, చేతిలో గుడ్డ. చపడా అంటే లక్కే. ప్రతి దీపావళికి ముందు ఈ గల్లీలో ఆ వాసన చూస్తూ పెరిగినవాణ్ణి. లక్కను స్పిరిట్ కరిగిస్తుందని చెప్పడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు, ఆ డబ్బా చాలు. అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఇంటికొచ్చి ఆ ఆరు ప్లేట్లను ఎండలో ఏటవాలుగా పట్టి చూశాను. తుడిచిన దారంతా గాడి అంచులు కరిగి మసకబారి ఉన్నాయి.

ఏడు నెలలు బాపుకు ముల్లు రాలేదనే చెప్పాను. ఆయన ప్రతి ఆదివారం అడిగేవాడు. ఒకసారి ఫోన్లో అదే పాట పెట్టి వినిపించబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. ఆ తర్వాతి ఆదివారం చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"గవి మనయి కావు బిడ్డా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పుట్టినప్పుడు జనం దొరికిన బండెక్కి ఊరొదిలారు. పక్క మగ్గం మీద చేసే కాక కూడా పెండ్లాం పిల్లల్తో సిరిసిల్లకు పోయాడు. మగ్గాలకు రాకముందు ఆయనకు ఊళ్లో మైక్‌సెట్ ఉండేది, ఆ ప్లేట్లు దానివే. కిక్కిరిసిన బండిలో అవి పగులుతాయని, తిరిగొచ్చి తీసుకుంటానని, పెట్టె బాపుకు అప్పగించాడు. ఆయన తిరిగి రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు బాపు దాన్ని కాపాడింది అందుకే. నేను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడు.

పోయిన దసరాకు నవజీవన్ రైల్లో వరంగల్ దిగి, అక్కడినుంచి సిరిసిల్ల పోయాం, బాపు, నేను. పద్నాలుగు ప్లేట్లూ తీసుకుపోయాను. బతికినవి ఎనిమిది, పోయినవి ఆరు, వేరువేరుగా గుడ్డల్లో చుట్టి. టర్న్‌టేబుల్, లావు ముల్లు, చిన్న స్పీకర్లు కూడా పట్టుకెళ్లాను. కాకకు ఎనభై దగ్గరపడ్డాయి. పోయిన ఆరింటి సంగతి మొదలే చెప్పాను. ఆయన పుష్పవిలాపం చేతిలోకి తీసుకుని, అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసి, పక్కన పెట్టాడు. మల్లీశ్వరి ప్లేటు ఎత్తి, ఒక్క వేలితో ముల్లు లేపి, మొదటి గాడిలో చప్పుడు కాకుండా దింపాడు. నేను మూడేళ్లు కష్టపడి నేర్చుకున్న పని అది. పాట రెండు వైపులా విన్నాం. టర్న్‌టేబుల్ అక్కడే వదిలి వచ్చాం.

మీ ఇంటి అటక మీద నల్లగా, బరువుగా, కింద పడితే పెంకులా పగిలే ప్లేటు ఉంటే దానికి స్పిరిట్ తగలనివ్వకండి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. తప్పదనుకుంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క తేలికపాటి సబ్బు వేసి, మధ్యనున్న కాగితం తడవకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టండి. దానికంటే ముందు అది ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.