ఎక్కనివాడి ఎం-బుక్

మా కాలనీలో ఎవరింటికి చుట్టాలొచ్చినా, వాళ్లను వండర్‌లాకు తీసుకుపోయే ముందురోజు సాయంత్రం మా గేటు చప్పుడవుతుంది. "అన్నా, మా మరదలు జర భయస్థురాలు. ఆ ఉల్టా తిరిగేది ఎక్కియ్యొచ్చంటవా?" అని అడుగుతారు. నేను కుర్చీ జరిపి కూర్చోబెట్టి, ఆమె వయసెంత, జెయింట్ వీల్ ఎప్పుడైనా ఎక్కిందా, ఎక్కితే కళ్లు తెరిచిందా మూసుకుందా, బస్సులో వాంతులయ్యే బాపతా, పొద్దున టిఫిన్ ఏం చేస్తుంది అని ఒక్కొక్కటే కనుక్కుని తీర్పు చెబుతాను. వాళ్లు తలూపుకుంటూ వెళ్లిపోతారు. "మరి నువ్వెక్కినవా అన్నా?" అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అంత వివరంగా చెప్పేవాడు ఎక్కకుండా ఎట్లుంటాడని వాళ్ల నమ్మకం.

ఎక్కలేదు. ఎక్కబోను కూడా.

దీన్ని మోసం అనడానికి లేదు. నా ఉద్యోగమే ఎస్టిమేట్లు వేయడం. కట్టకు ఎంత మట్టి పడుతుంది, కల్వర్టుకు ఎంత కంకర పోవాలి అన్నది కాగితం మీద తేల్చి, పని జరుగుతుంటే కొలిచి ఎం-బుక్‌లో ఎక్కించడం. కల్వర్టును కొలిచేవాడు వానాకాలం రాత్రి దాని కిందే పడుకోవాలని ఏ కోడ్‌లోనూ రాసి లేదు. రోలర్ కోస్టర్‌కూ అదే న్యాయం వర్తింపజేశాను. పిల్లదాని పాత నోటుబుక్కొకటి తీసుకుని, అట్ట మీద "ఎం-బుక్" అని రాసి, భయం కొలతలు నమోదు చేస్తూ వచ్చాను.

కొలతకు ముందు యూనిట్ కావాలి. హయత్‌నగర్‌లో ఉన్నవాడికి దానికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. సాయంత్రం ఆరు గంటలకు విజయవాడ హైవేను కాలినడకన అటు నుంచి ఇటు దాటితే ఎంత భయం వేస్తుందో, అది ఒక దాటుడు. నుమాయిష్‌లో జెయింట్ వీల్ అర దాటుడు. అది 1938 నుంచీ జరుగుతున్న ఎగ్జిబిషన్, ఏటా జనవరి ఒకటికి మొదలయ్యేది, చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని తిరిగిన చోటు. కాబట్టి మమకారం కొద్దీ కొంత తగ్గించి రాసి ఉంటాను. మా ఊరి జాతరలో మనుషులు చేత్తో తిప్పే రంకులరాట్నం పావు దాటుడు. ఈ యూనిట్‌తో ఉన్న చిక్కల్లా ఒక్కటే. సంక్రాంతి ముందు హైదరాబాదంతా ఆంధ్రా దారి పట్టినప్పుడు కార్లు బారులు తీరి కదలకుండా నిలబడిపోతాయి, పసిపిల్ల కూడా తీరిగ్గా దాటేస్తుంది. ఆ మూడు రోజులు దాటుడు విలువ పడిపోతుంది కాబట్టి కొలతలు తీసుకోను.

ఇక అసలు కేసు. రావిర్యాలలో వండర్‌లా 2016లో తెరిచారు. మాకు దగ్గరే. పెద్ద అంబర్‌పేట దగ్గర 11వ నంబరులో ఔటర్ ఎక్కి, బొంగులూరు దాటి, 13వ నంబరులో దిగడమే. దాన్ని నడిపే కంపెనీని స్థాపించినాయన కేరళలో వీగార్డ్ పేరుతో వోల్టేజీ స్టెబిలైజర్లు చేసి పైకొచ్చిన మనిషి. ఇంట్లో కరెంటు ఎగుడుదిగుళ్లను సర్దిపెట్టి సంపాదించి, ఆ డబ్బుతో మనుషుల్ని ఎగుడుదిగుళ్లలో వేయడానికి పార్కులు కట్టాడు. వ్యాపారంలో ఇంత చక్కటి బ్యాలెన్సు నేను మరెక్కడా చూడలేదు.

అక్కడ రీకాయిల్ అని ఒకటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ తయారీ. బూమరాంగ్ అనే ఈ రకాన్ని వాళ్లు 1984 నుంచి ప్రపంచమంతా అమ్ముతున్నారు. పట్టాల పొడవు చూస్తే 300 మీటర్లు కూడా ఉండదు, మా వీధి అంత. ఆ కొంచెంలోనే మనిషిని ఏం చేయాలో అదంతా చేస్తుంది. ముందు రైలును వెనక్కి లాగుతూ పది పన్నెండు అంతస్తుల ఎత్తుకు తీసుకుపోతుంది. అంటే మన వీపు ఆకాశానికి, మొహం నేలకు. వదిలేయగానే ఎక్కిన స్టేషన్‌లోంచే దూసుకుపోయి, పడగ ఆకారంలో ఉన్న మెలికలో రెండుసార్లు, ఆ పక్కన వలయంలో ఒకసారి తలకిందులు చేసి, అవతలి ఎత్తు ఎక్కిస్తుంది. ఇప్పుడు మొహం ఆకాశానికి. అయిపోయిందనుకునేలోగా మళ్లీ వదిలేస్తుంది, ఈసారి వెనక్కి. చేసిన మూడు పల్టీలూ వెనక్కి వెనక్కి మళ్లీ. మొత్తం ఆరు. రెండు నిమిషాల పని.

భయస్థులు నన్ను మొదట అడిగేది వేగం గురించి. గంటకు 75 కిలోమీటర్ల చిల్లర అంటే నోరు తెరుస్తారు. ఇదే మనిషి అక్కడికి వచ్చేటప్పుడు ఔటర్ మీద, 120 దాకా పోనిచ్చే కుడి లేన్లలో, సీట్లో జారగిలబడి గురక పెడుతూ వస్తాడు. శరీరానికి వేగం తెలియదు, వేగంలో మార్పే తెలుస్తుంది. నిలకడగా పోతున్నంతసేపు 120 అయినా ఒకటే, సోఫా అయినా ఒకటే. ఒక్కసారిగా కిందికి వదిలితే మాత్రం కడుపులోని సరంజామా అంతా ఒకదాని మీద ఒకటి ఆనడం మానేసి తేలుతుంది. అదే "పేగులు నోట్లోకి రావడం". మా బామ్మర్ది అబుదాబిలో ఫార్ములా రోసా ఎక్కాడు. 2010లో తెరిచినప్పటి నుంచీ వేగానికి పేరు మోసింది, అయిదు సెకన్లలోపే 240 అందుకుంటుంది, గాలి కొట్టకుండా కళ్లకు అద్దాలు కూడా ఇస్తారు. "బావా, అదంత భయం కాలే. సీదా పోతది. గీ ఉల్టా పల్టా ఉండదు" అని ఫోన్లో చెప్పాడు. రెండు దాటుళ్లని రాసుకున్నాను. వాడి మాట మీద నమ్మకం తక్కువ కాబట్టి పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను.

తెలుసుకుంటే భయం పోతుందంటారు. ఆ మాట నమ్మి చాలా చదివాను. 1895లో కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని ఒకటి పెట్టారు. అందులో వలయం అచ్చం గుండ్రంగా ఉండేది. గుండ్రటి వలయంలోకి జోరుగా దూరితే ఆ దెబ్బంతా ఒక్కసారే పడి మెడలు పట్టేసేవి. ఇప్పటి వలయాలు కన్నీటిచుక్క ఆకారంలో ఉంటాయి, జోరెక్కువగా ఉండే అడుగున వంపు వెడల్పు, నెమ్మదించే పైభాగాన వంపు బిగుతు. 1976లో కాలిఫోర్నియాలో కట్టిన రివల్యూషన్‌తో ఈ పద్ధతి కుదురుకుంది. ఇదంతా ఇంజినీరుగా మెచ్చుకున్నాను. భయస్థుడిగా మాత్రం అంతకుముందు నాకు లేని మెడనొప్పి భయం కొత్తగా పట్టుకుంది. అదే చదువులో నాకు నచ్చిన రైడొకటి దొరికింది. 1884లో అదే కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన పెట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వే. టికెట్ అయిదు సెంట్లు, వేగం గంటకు 10 కిలోమీటర్లు. నిక్షేపంగా ఎక్కేవాణ్ణి. పుట్టడమే ఆలస్యమైంది.

మా ఇంట్లో ఈ భాగోతం ఎలా నడిచిందో కూడా చెప్పాలి. పాప చిన్నదిగా ఉన్నన్నాళ్లూ నాకు ఢోకా లేదు. రైడ్ ముందు ఎత్తు కొలిచే గీత ఉంటుంది, దాని కింద ఉన్నవాళ్లను ఎక్కనివ్వరు, పిల్లదాని దగ్గర ఒకరు ఉండాలి కదా. "నువ్వు పో, నేనుంటా" అని మా ఆవిడతో అనేటప్పుడు నా గొంతులో త్యాగం పొంగిపొర్లేది. ఇంట్లో తలుపు చౌకట్టు మీద ప్రతి పుట్టినరోజుకూ పాప ఎత్తు గీస్తాం. పక్కిళ్లలో తండ్రులు పిల్లలు పొడుగవుతుంటే మురిసిపోతారు. నేను ఆ పెన్సిల్ గీతలు చూసి దిగులుపడేవాణ్ణి. నాలుగేళ్ల కింద ఒక వేసవిలో ఏకంగా జానెడు పెరిగింది. ఆ ఏడు పాలు తగ్గిద్దామా అని కూడా అన్నాను.

పాప గీత దాటిన రోజున సంచుల వంక దొరికింది. "మరి సామాన్లెవరు చూస్తరు?" లాకర్లున్నాయని మా ఆవిడ చూపించింది. లాకర్లలో ఫోన్లు పెడితే అత్తమ్మ ఫోన్ చేస్తే ఎవరెత్తుతారన్నాను. చివరికి నన్ను ఆదుకున్నది రైడ్ ముందు బోర్డు. నడుం నొప్పి, మెడ నొప్పి, గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కరాదని ఉంటుంది. ఇంత మనసుకు హత్తుకునే రచన నేను ఈ మధ్య చదవలేదు. నడుం పట్టుకుని ఆ బోర్డు ముందు నిలబడ్డాను. "ఆ ఆఖరిదొక్కటే నీకు లేదు డాడీ" అంది పాప.

అలా నా స్థానం రెయిలింగ్ దగ్గర ఖాయమైంది. టికెట్టులో రైడ్లన్నీ కలిసే ఉంటాయి, కాబట్టి సంచులు పట్టుకోవడానికి నేనూ పూర్తి టికెట్ కొంటాను. భుజాన రెండు సంచులు, చేతిలో రెండు జతల చెప్పులు, చొక్కా జేబులో మా ఆవిడ కళ్లజోడు, క్లిప్పులు. భుజాల మీదుగా లాకులు దిగిన చప్పుడు, తర్వాత రైలు వెనక్కి పాకడం. ఇరవై ఎనిమిది మంది కూర్చునే రైల్లో మా ఇద్దరినీ పోల్చుకోవాలని మెడ చాపుతాను. ఒక ఆకుపచ్చ చున్నీ పైన ఎక్కడో కనిపిస్తుంది. అప్పుడు గుండె చేసే చప్పుడు విని, రెయిలింగ్ దగ్గర నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన ఓసారి మంచినీళ్లు కూడా ఇచ్చాడు. నా లెక్క ప్రకారం రీకాయిల్ ఎక్కేవాళ్లకు మూడు దాటుళ్లు. కింద నిలబడ్డవాళ్లకు అయిదు.

ఇది నేను పిరికితనం కప్పిపుచ్చుకోవడానికి అంటున్న మాట కాదు, మా ఊరి చరిత్రే సాక్షి. హయత్‌నగర్ ఎవరి పేరు మీద వెలిసింది? మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగం. ఆమె కొడుకు అబ్దుల్లా పిల్లవాడిగా ఉన్నప్పుడు ఎక్కిన ఏనుగుకు మదమెక్కి, వాణ్ణి మోసుకుని అడవుల్లోకి పారిపోయిందని చెప్పుకుంటారు. పిల్లవాడు ఆకలికి మాడిపోకూడదని చెట్ల కొమ్మలకు తిండి మూటలు కట్టించిందట. కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసు హుస్సేనీ ఆలంకు సమర్పిస్తానని మొక్కుకుందట. వచ్చాడు, చెల్లించింది, హైదరాబాద్ లంగర్ ఊరేగింపు అలా మొదలైందంటారు. ఏనుగు మీదున్న అబ్దుల్లా ఎంత భయపడ్డాడో ఈ కథలో ఎక్కడా లేదు. కొమ్మల నుంచి మూటలు అందుకుని తింటూ మజాగానే ఉండి ఉంటాడు. కింద ఉన్నావిడ మొక్కునే ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఈ కథ మా ఆవిడకు చెప్తే, "ఆమె చెట్లకు అన్నం మూటలు కట్టింది. నువ్వు మేం దిగేసరికి పాప్‌కార్న్ అంతా తిని కూసున్నవ్" అంది. ఆందోళనలో చెయ్యి ఎటు పోతుందో మనిషికి తెలుస్తుందా?

మా ఆవిడ ధైర్యానికి కారణం కూడా నేను కనిపెట్టాను. ఆమెకు మైనస్ నాలుగు. కళ్లజోడు నా జేబులో ఉంటుంది. అంటే పన్నెండో అంతస్తు నుంచి ఆమెకు నేల కనిపించదు, ఏదో పచ్చటి మసక తప్ప. ఈ సిద్ధాంతం ఆమె ముందు పెట్టాను. రెండు రోజులు కూరలో ఉప్పు సరిగ్గా పడలేదు.

ఇంతకీ భయస్థులకు నేనిచ్చే సలహా, ఉచితంగా. మొదట మీ భయం ఏ జాతిదో తేల్చుకోండి. ఎత్తంటే భయమా, జారడమంటేనా, తలకిందులంటేనా, వెనక్కి పోవడమంటేనా. ఎత్తు ఒక్కటే భయమైతే జెయింట్ వీల్ కన్నా ఇదే నయం, చూసేంత టైమివ్వదు. వెనక్కి పోవడం పడనివాళ్లు, బస్సులో వెనక్కి తిరిగి కూర్చుంటే తల తిరిగేవాళ్లు, అసలు ఆ వైపే రాకండి. ఎక్కి తీరాలంటే నడిమి పెట్టెలో కూర్చోండి. మొదటి ఎత్తులో అందరికన్నా పైకి పోయేది ఆఖరి పెట్టె, రెండో ఎత్తులో మొదటి పెట్టె. నడిమివాడు రెండుసార్లూ కొంత కిందే ఉంటాడు. టిఫిన్ కొంచెంగా, ఇడ్లీ అయితే మేలు. అసలు భయం తలకిందులైనప్పుడే కాబట్టి అక్కడ కళ్లు మూసుకోండి. ఎత్తు మీద రైలు ఒక్క క్షణం ఆగుతుంది, అది విశ్రాంతి, అప్పుడు ఊపిరి పీల్చుకోండి.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకు చదవడానికిచ్చాను. ఎం-బుక్‌లో కింది ఉద్యోగి రాసినదాన్ని పై అధికారి చెక్ మెజర్‌మెంట్ చేయడం రివాజు. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. చివరి రెండు వాక్యాల దగ్గర ఆగింది.

"విశ్రాంతా? ఎవరు చెప్పిన్రు నీకు?"

"కింద నుంచి చూస్తే అట్లనే ఉంటది గదా. ఆగుతది, మీరు కొంచెం సేదదీర్తరు…"

"తలకిందులైతె తెల్వనే తెల్వదయ్యా, గిర్రున అయిపోతది. పైన ఆగుతది సూడు, గదే. ఎప్పుడిడుస్తదో తెల్వది. పాప నా చెయ్యి గోళ్లతో రక్కేది గప్పుడే." చెయ్యి చాపి చూపించింది. మణికట్టు మీద సన్నటి గీతలు నాలుగు. ఇన్నాళ్లూ పిల్లి రక్కిందనుకున్నాను.

"విశ్రాంతి" అన్నచోట ఎర్ర సిరాతో కొట్టేసి "మూడు దాటుళ్లు, ఆగినంతసేపు" అని దిద్దాను. తలకిందులకు అర దాటుడు చాలన్నాను, ఒప్పుకుంది. దిద్దుబాటు పక్కన సంతకం చెయ్యమని పెన్ను ఇవ్వబోయాను. ఆమె పప్పు కుక్కర్ విజిల్ వినపడి లేచిపోయింది. పేజీ ఖాళీగా వదలకూడదు కదా, కొలిచినవారు, తనిఖీ చేసినవారు, రెండు చోట్లా నేనే పెట్టేశాను.