బకెట్లో నిమజ్జనం: ఒక స్పానిష్ గృహ్యసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

“రేపట్నుంచి ఇంట్లో స్పానిషే. ఇంగ్లిష్ లేదు, తెలుగు లేదు. టోటల్ ఇమ్మర్షన్.”

అవతారిక

ఈ సూత్రం అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎడిసన్ దగ్గరి ఒక వంటింట్లో, ఆదివారం సాయంత్రం వెలువడింది. సూత్రకారుడు ఇంటి యజమాని. ఆ మధ్యాహ్నమే ఒక పాట్‌లక్‌కి వెళ్లొచ్చాడు. అక్కడ పులిహోర వడ్డించుకుంటూ ఒక మిత్రుడు తన కూతురు ఈమధ్య స్పానిష్‌లో కలలు కంటోందని చెప్పాడు. కల కూతురిదైతే అందులోని భాష తండ్రికెలా తెలిసిందని అడిగినవాళ్లు లేరు. ఇలాంటి ఇళ్లు డాలస్ శివార్లలోనూ ఉన్నాయి, బే ఏరియాలోనూ ఉన్నాయి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలని స్థాలీపులాక న్యాయం చెబుతోంది కనుక, ఈ ఒక్క ఇంటికీ వ్యాఖ్య రాస్తే అన్నిటికీ రాసినట్టే.

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని చెప్పుకునే కోలాచలం మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. ప్రస్తుత టీకాకారుడు ఆ మాటలో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగం ఆ మహానుభావుడికే చెల్లింది.

ప్రతిపదార్థం

రేపట్నుంచి: స్పష్టం. ఇంట్లో: స్పష్టం. స్పానిషే: ఇక్కడి ఏకారం అవధారణార్థకం, అంటే మిగతా భాషల రాకపోకలకు అడ్డంగా వేసిన గేటు. లేదు, లేదు: మొదటి ‘లేదు’తో టీకాకారుడికి పేచీ లేదు. రెండోదాని దగ్గర చాలాసేపు కూర్చోవాలి, అది తర్వాత. టోటల్: పొద్దున్న పాలూ సీరియలూ తినే 20 నిమిషాలు. ఇమ్మర్షన్:

ఈ మాట దగ్గర వ్యాఖ్యాత చెప్పులు విడిచి నీళ్లలోకి దిగుతాడు.

లాటిన్‌లో ‘మెర్గెరె’ అంటే ముంచడం. సంస్కృతంలో ‘మజ్జ’ అంటే మునగడం. ఈ రెండు ధాతువులూ ఒకే తల్లి పిల్లలని భాషాచరిత్రకారులు ఎప్పుడో తేల్చారు. కాబట్టి ఇమ్మర్షన్‌కు నిమజ్జనం అనువాదం కాదు, వరసకు అక్కచెల్లెలు. అసలు మన పెద్దలు చదువును నీళ్లలోంచి తీసి ఎప్పుడైనా గట్టున పెట్టారా? ‘అవగాహన’ అంటే దిగి మునగడమే. ఒక శాస్త్రంలో ‘నిష్ణాతుడు’ అంటే అందులో బాగా స్నానం చేసినవాడు. చదువు ముగించినవాడు ‘స్నాతకుడు’, అతనికి పట్టా ఇచ్చే పండగ స్నాతకోత్సవం, అంటే యూనివర్సిటీ వారి తలంటు. ఒకే గురువు దగ్గర చదివినవాళ్లు ‘సతీర్థ్యులు’, ఒకే రేవులో దిగినవాళ్లు. అంతా ఈది అవతలి ఒడ్డుకు చేరినవాడు ‘పారంగతుడు’. చేరలేనివాడికి తెలుగు ‘తలమునకలు’ అనే మాట దయచేసింది. మునగడానికీ నేర్వడానికీ ఇన్ని మాటలున్న ఇంట్లో పుట్టి, ఇమ్మర్షన్ అనే మాటను నెలకింత చందా కట్టి యాప్‌లోంచి తెచ్చుకోవడం చూస్తే టీకాకారుడికి కాస్త చలేస్తుంది.

ఇక లక్షణం. హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం రెండు రకాలు. ఒకటి హుస్సేన్ సాగర్‌లో, క్రేన్లతో. రెండోది అపార్ట్‌మెంట్ బాల్కనీలో, బకెట్లో. బకెట్లో మట్టి వినాయకుడు చక్కగా కరుగుతాడు, ఆ నీళ్లు తులసికోటకు పోస్తారు, చెరువుకూ మేలే. కానీ బకెట్ దగ్గర నిలబడి ఈత నేర్చుకున్నామని ఇంతవరకు ఎవరూ ఫేస్‌బుక్‌లో పెట్టలేదు.

భాష విషయంలో హుస్సేన్ సాగర్ ఎలా ఉంటుందో చెప్పే చరిత్ర ఉంది. 1965లో కెనడాలోని మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో, ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లల కిండర్‌గార్టెన్‌ను పూర్తిగా ఫ్రెంచ్‌లో పెట్టించుకున్నారు. మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన వాలెస్ లాంబర్ట్ బృందం ఏళ్ల తరబడి ఆ పిల్లల్ని గమనించింది. 1971లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీ అదే పద్ధతిని స్పానిష్‌కు తెచ్చుకుంది. రెండు చోట్లా ఉన్నదీ, ఎడిసన్ వంటింట్లో లేనిదీ ఒక్కటే: బడి వేళంతా ఆ భాషలోనే పిలిచి, కసిరి, ముక్కు తుడిచి, కథ చెప్పే మనిషి.

లెక్క కూడా చూద్దాం. అమెరికా దౌత్యాధికారులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్, స్పానిష్‌కు దాదాపు 700 తరగతి గంటలు పడతాయని అంచనా వేస్తుంది. మన సూత్రకారుడి ‘టోటల్’ను రోజుకు 20 నిమిషాలుగా తీసుకుంటే, 700 గంటలకు 2100 రోజులు. దాదాపు ఆరేళ్లు, ఒక్క పూట సీరియల్ మానకుండా.

చీటీల ప్రకరణం

సూత్రం వెలువడిన రాత్రే పసుపు చీటీలు వెలిశాయి. ఫ్రిజ్ మీద ‘ఎల్ రెఫ్రిహెరదోర్’. తలుపు మీద ‘లా పుయెర్తా’. బల్ల మీద ‘లా మెసా’. దేవుడి గూటికి ఏం రాయాలో తేలక వదిలేశారు.

చీటీకి ఉన్న గొప్ప గుణం, అది నామవాచకానికి తప్ప దేనికీ అంటుకోదు. ‘తెరువు’ను ఎక్కడ అతికిస్తారు? ‘నిన్న ఎందుకు రాలేదు’ను ఏ గోడకు కొడతారు? అందుకే ఈ ఇంట్లో స్పానిష్ క్రియలేని దేశం. ఫ్రిజ్ ఉంది, దాన్ని తెరిచేవాడు లేడు. పైగా ఏ ఫ్రిజ్? స్పెయిన్ వాళ్లు ‘ఫ్రిగొరీఫికో’ అంటారు, అర్జెంటీనాలో ‘ఎలాదెరా’, ఎడిసన్ చుట్టుపక్కల నిండుగా ఉన్న ప్యూర్టోరికో, డొమినికన్ కుటుంబాలు ‘నెవెరా’ అంటాయి. ఆ చీటీ మీది మాట ఆ వీధిలో ఎవరింటి మాటా కాదు.

లింగ విషయంలో ఒక్క ముక్క. స్పానిష్‌లో బల్ల స్త్రీ. ఇది విని ఇంటి పిల్లవాడు పకపకా నవ్వాడు. తెలుగు వ్యాకరణం తెలిసినవాడైతే నవ్వేవాడు కాదు. మన మహదమహద్విభాగంలో, ఏకవచనంలో ‘వచ్చింది’ అన్నప్పుడు వచ్చింది అక్కో, బస్సో, బల్లో క్రియకు పట్టదు. వాళ్లు బల్లను స్త్రీల వరసలో కూర్చోబెట్టారు, మనం స్త్రీలను బల్లల వరసలో నిలబెట్టాం. ఎవరు ఎవర్ని చూసి నవ్వాలన్నది విచార్యం.

బండి ‘ర’ విచారం

ఇప్పుడు టీకాకారుడు ఎంతోకాలంగా ఎదురుచూస్తున్న చోటు వచ్చింది. పాఠకులు మంచినీళ్లు తాగి రావచ్చు.

స్పానిష్‌లో ‘పెరో’ అంటే కానీ. ‘పెర్రో’ అంటే కుక్క. ‘కారో’ అంటే ఖరీదైనది, ‘కార్రో’ అంటే, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల, కారు. మొదటిదానిలో నాలుక అంగిలిని ఒక్కసారి తాకి పోతుంది, రెండోదానిలో బండి చక్రంలా దొర్లుతుంది. ఈ రెండు రేఫల తేడా చెప్పలేక ఇంగ్లిష్ మాతృభాషగా పెరిగినవాళ్లు పడే పాట్లు యూట్యూబ్ నిండా ఉన్నాయి. పెన్సిల్ పళ్ల మధ్య పెట్టుకోమనేవారు కొందరు, నీళ్లు పుక్కిలించమనేవారు కొందరు.

తెలుగువాడికి ఈ బాధ కొత్తదా? సాధురేఫ, శకటరేఫ అని మనకు రెండు రేఫలుండేవి. ‘ఏరు’ అంటే నాగలి, ‘ఏఱు’ అంటే నది. ఒకటి దున్నుతుంది, ఇంకొకటి తడుపుతుంది, మధ్యలో ఉన్నది ఒక్క బండి ర. ప్రాసస్థానంలో ఒకదానికి బదులు ఇంకొకటి పడితే పూర్వకవికి తలవంపులు. ఏ మాటలో ఏ రేఫో తేల్చడానికి లాక్షణికులు పట్టికలు కట్టారు. నోట్లో ఆ తేడా చెరిగిపోయి తరాలు గడిచినా కాగితం మీద మాత్రం పండితులు దాన్ని వదల్లేదు. పిల్లలు పరీక్షల్లో ‘ఱ’ పెట్టనందుకు మార్కులు పోగొట్టుకున్నారు, పెట్టినందుకూ పోగొట్టుకున్నారు. గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోరాడిన రోజుల్లో అరసున్నా, బండి రా రెండూ పాత పద్ధతికి గుర్తులై, చివరికి అచ్చు నుంచి సెలవు తీసుకున్నాయి. టీకాకారుడు వ్యావహారికం పక్షమే. అయినా పాత అచ్చులో ‘గుఱ్ఱము’ అని చూసినప్పుడల్లా ఆ గుర్రానికి నాలుగో కాలు తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది.

అయితే అది పూర్తిగా పోయిందా? కర్ర, బుర్ర, గుర్రం, వెర్రి: ఇవి పాత పుస్తకాల్లో బండి ర జంటతో రాసినవే. వీటిని పలికే ప్రతి తెలుగు నోరూ ఈ రోజుకీ నాలుక దొర్లిస్తూనే ఉంది. ‘వెర్రి’ అనగలిగిన పిల్లవాడు ‘పెర్రో’ అనలేడా? వర్ణమాల చెప్పేటప్పుడు అందరూ గొణిగేసి దాటే ‘ఞ’కు స్పానిష్‌లో నిండు ఉద్యోగం ఉంది. ఎస్పాఞా అనే దేశం పేరులోనే అది కొలువుంటుంది. అక్కడి ఆ అక్షరం తల మీది అల గీతను చీటీ మీద మరిచిపోతే, ఏళ్లు అని రాయబోయినచోట శరీరంలోని ఒక ద్వారం పేరు వస్తుంది, వయసు చెప్పబోయినవాడు ఆ ద్వారాల లెక్క చెబుతాడు. టమాటాను వాళ్లు ‘తొమాతె’ అంటారు, రెండూ మన పళ్ల వెనకాల పుట్టే ‘త’లే.

ఎక్కడున్నాం? సూత్రం దగ్గర. రెండో ‘లేదు’ దగ్గర.

‘తెలుగు లేదు’

ఈ ఇంటి పిల్లవాడు ‘పెరో’ అన్నా ‘పెర్రో’ అన్నా ఇంగ్లిష్ ‘ఆర్’తో నాలుకను వెనక్కి మడుస్తాడు. ఎందుకంటే అతనికి ‘వెర్రి’ రాదు. అమ్మమ్మ గుంటూరు నుంచి ఆరు నెలలుండటానికి వచ్చినప్పుడు ఆ మాట వాడుతుంది, ముఖ్యంగా అల్లుడు వినని సమయంలో. పిల్లవాడు మాత్రం ఇంగ్లిష్‌లో జవాబు చెప్పి పైకి పోతాడు.

స్పానిష్ నేర్చుకునే ఇంగ్లిష్ పిల్లలందరినీ ఏడిపించే వాక్యం ఒకటుంది: ‘మె గుస్తా ఎల్ కఫే’. ‘నేను కాఫీని ఇష్టపడతాను’ అనే ఇంగ్లిష్ అలవాటులోంచి చూస్తే ఇందులో కర్త తలకిందులుగా వేలాడుతుంది. యాప్ దీనికోసం పాఠం మీద పాఠం పెడుతుంది, అందులోని బొమ్మ గుడ్లగూబ కన్నీళ్లు పెట్టుకుంటుంది. తెలుగులో ఇది ‘నాకు కాఫీ నచ్చుతుంది’. అంతే. ‘నాకు’ ఉన్నచోట ‘మె’, నచ్చే పని కాఫీది. ‘హబ్లో’ అని ఒక్క మాట అంటే చాలు, ‘మాట్లాడతాను’ అన్నట్టే, ‘నేను’ అక్కర్లేదు. ‘అతను డాక్టర్’ అన్నప్పుడు మనం క్రియే వాడం, ‘అతను ఇంట్లో ఉన్నాడు’ అన్నప్పుడు ‘ఉండు’ తప్పదు. స్పానిష్ ఈ రెండు చోట్లా రెండు వేర్వేరు క్రియలు వాడుతుంది. ‘ఉన్నాడు’ అనాల్సిన చోట ‘ఎస్తార్’ వేస్తే చాలాసార్లు గురి తప్పదు. ఈ సంగతి ఇంగ్లిష్ ద్వారా స్పానిష్ నేర్పే ఏ యాప్‌కీ తెలియదు. తెలిసిన మనిషి కింది గదిలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

అదే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ తెలుగును ఇంకా కష్టమైన తరగతిలో పెట్టి వెయ్యికి పైగా గంటలు కేటాయించింది. దౌత్యాధికారికి ప్రభుత్వ ఖర్చుతో పట్టే ఆ గంటల్ని ఒక ముసలావిడ ఊరికే ఇస్తానంటుంటే, సూత్రం ఆమెను ‘లేదు’ పద్దులో వేసింది.

పూర్వపక్షం: “టీవీ ఉంది కదా, కార్టూన్లన్నీ స్పానిష్‌లో పెట్టాం.” సమాధానం: 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం సియాటిల్‌లో తొమ్మిది నెలల పిల్లలకు 12 విడతలు మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి నోటి నుంచి విన్నవాళ్లు ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అదే మాటను టీవీలో చూసినవాళ్లకు ఏమీ పట్టుబడలేదు. పెద్ద పిల్లల సంగతి కొంత వేరు కావచ్చు. కానీ పలకరిస్తే పలికే మనిషి స్థానంలో టీవీని కూర్చోబెట్టడం ఏ వయసులోనూ కుదరదు.

మనిషి లేరా మరి? అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లలో ఒకాయన ప్రతి గురువారం ఈ ఇంటి ముందు గడ్డి కోస్తాడు. ఒకావిడ రెండు వారాలకొకసారి ఇల్లు శుభ్రం చేయడానికి వస్తుంది, ఆమెది ప్యూర్టోరికో. ఆయనతో సంభాషణ బొటనవేలు పైకెత్తడం. ఆమెతో సంభాషణ కిచెన్ ప్లాట్‌ఫామ్ మీద పెట్టిన డబ్బు. ఆమె వచ్చే రోజు చీటీలు ఊడిపోకుండా చూసుకోమని కూడా ఇంగ్లిష్‌లోనే చెప్పారు. పని చేయడానికి వచ్చిన మనిషిని ఉచిత ట్యూటర్‌గా మార్చమని టీకాకారుడు చెప్పడు, అది ఇంకో రకం దోపిడీ. పలకరించడానికి మాత్రం చందా లేదు. పలకరిస్తే ‘ఉస్తేద్’ అనాలి, యాప్ మొదట నేర్పిన ‘తూ’ కాదు. ‘ఉస్తేద్’ పూర్వరూపం ‘వుయెస్త్రా మెర్సెద్’, మన ‘ఏలినవారు’ లాంటిది, అరిగి అరిగి ‘మీరు’ దగ్గరికి వచ్చింది. పెద్దవాళ్లను నువ్వు అనకూడదని ఈ పిల్లవాడికి ఏ భాష నేర్పేది? మళ్లీ ఆ రెండో ‘లేదు’.

పాఠాంతరం

వంటింటి అలమరలో ఒక డబ్బా మీద ‘లెంతేహాస్’ అనే చీటీ కనిపిస్తుంది. లెంతేహాస్ అంటే మసూర్ జాతి పప్పు. డబ్బాలో ఉన్నది కందిపప్పు. కాబట్టి ఇది లేఖక దోషం.

ఒక గురువారం ఇంట్లో అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు. ఇల్లు తుడుస్తున్నావిడ అలమర తుడుస్తూ ఆ డబ్బా తీసి, మూత తెరిచి, వాసన చూసి, చీటీ వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపింది. “గాందూలెస్,” అంది. ప్యూర్టోరికోలో కందులను అలాగే అంటారు, క్రిస్మస్‌కు వాటితో అన్నం వండుతారు. ఆ మాటను నిఘంటుకారులు ఆఫ్రికాలోని కికోంగో భాష దాకా తీసుకెళ్తారు. అమ్మమ్మకు ఆ చరిత్రతో పనిలేదు. “కందులే,” అంది, ఇన్నాళ్లకు ఈ ఇంట్లో ఒక మనిషి సరైన మాట అన్నందుకు సంతోషపడి, స్టూలు ముందుకు జరిపింది.

ఆ రోజు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, ఎన్ని భాషల్లో మాట్లాడుకున్నారో టీకాకారుడికి అందిన ప్రతిలో లేదు. డబ్బా మీద ‘లెంతేహాస్’ చీటీ మాత్రం అలాగే ఉంది.