తంగేడు చూడబోవుట

కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోయే దారిలో, భాద్రపదం ముగింపుకు వచ్చే రోజుల్లో, చెలక గట్ల మీదా రాళ్ళ గుట్టల అంచుల్లోనూ పసుపుపచ్చగా విరగబూసే పొద తంగేడు. కొత్త రాష్ట్రం తెలంగాణ 2014లో దీన్ని అధికార పుష్పంగా ప్రకటించింది గానీ, హోదా పెరిగిందని మేడల పెరళ్ళకు మారకుండా, 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక కూడా, అది నిజామాబాదు జిల్లా నాటి రాళ్ళనేలనే నమ్ముకొని ఉంది.

ఈ పూత కోసం ఒక్క రోజు ప్రయాణం కట్టేవారు రెండు తెగలు: చూడబోయేవారు, కోయబోయేవారు. మొదటి తెగకు ఆదర్శం జపాను. అక్కడ సకురా పూలు చూడబోవడాన్ని ‘హనామి’ అంటారు, పూత ఏ ఊరికి ఎప్పుడు చేరుతుందో ముందే అంచనాలు వెలువడతాయి. ఇక్కడ ఆ పని పంచాంగమే చేస్తుంది: పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మ. తేదీకి ఢోకా లేదు, చిక్కంతా గంటతోనే. చూడబోయేవారు టోపీ వెతుక్కొని, ఫోను చార్జింగు నింపుకొని, బస్టాండులో ఇడ్లీ ముగించి రెండో చాయ్ చెప్పే వేళకు, కోయబోయేవారు కోడికూతకు ముందే వచ్చి గోనెసంచి నింపుకొని పోయి ఉంటారు.

కాబట్టి చూడబోయినవారికి దక్కేది ఆకులే. ఇందులోనూ లాభం లేకపోలేదు: ఆకు మొదట్లో చెవుల్లా అంటుకొని ఉండే పత్రపుచ్ఛాలు అప్పుడే కంటబడతాయి. లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు పెట్టిన ‘ఆరిక్యులేటా’ అన్న మాటకు లాటిన్‌లో చిన్న చెవులు గలదని అర్థం. ఇన్ని చెవులుండి, తెల్లవారుజామున వచ్చే అడుగుల చప్పుడు విని కూడా కదలలేకపోవడం ఆ పొద దురదృష్టం. చెయ్యి అందని కొమ్మన మిగిలిన ఒకటి రెండు పూల మీద తుమ్మెద వాలుతుంది, కానీ తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడి, అదీ కొసన సన్నని రంధ్రమున్న తిత్తుల్లో దాగి ఉంటుంది గనుక, తుమ్మెద ఝుమ్మని ఒళ్ళు అదిరించి, ఉప్పుడబ్బా విదిలించినట్టు రాల్చుకోవాలి. ఆ ఝంకారాన్ని ప్రేమగీతమని వర్ణించిన కవులు దాని కష్టాన్ని బొత్తిగా లెక్కలోకి తీసుకోలేదు.

నిజానికి పూత చూడదలచినవారు పొద దగ్గరకు కాక, సాయంత్రం చెరువుగట్టుకు పోవాలి. అక్కడ తాంబాళాల్లో గునుగు వరుసల నడుమ పొద్దున మాయమైన కొమ్మలన్నీ కొలువుదీరి ఉంటాయి. అయినా పొద దగ్గర ఫోను పట్టుకొని నిలబడేవారు నిలబడుతూనే ఉంటారు, సంచి మోసుకుంటూ ఆ దారిన వచ్చే అవ్వ “ఎన్ని కోసినవ్ బిడ్డా?” అని అడుగుతూనే ఉంటుంది. “కొయ్యలేదవ్వా, ఉత్తగ చూద్దామని వచ్చిన” అన్న జవాబు విన్నాక ఆమె ఒకసారి బోడి పొదనూ, ఒకసారి ఆ ముఖాన్నీ చూసి, సంచి మూతి విప్పి, దోసెడు పూలు తీసి చేతిలో పెడుతుంది.

“ఇగో, సూడు.”