వెనుకతోపు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మంచువేళ వెనుకతోపు బండికి కుడిపాదమే చుక్కాని.

టీక. 'మంచువేళ' అన్న మొదటి పదం దగ్గరే తగవు మొదలవుతుంది. తెలుగులో మంచు ఒక్కటే మాట. గడ్డిపోచ చివర వేలాడేదీ మంచే, ఎదుటి బండిని మింగేసేదీ మంచే, డెట్రాయిట్‌లో పారలతో ఎత్తిపోసుకునేదీ మంచే. ఈ మూడో అర్థాన్నే పట్టుకుని, తంబళ్లపల్లెలో నీళ్లు గడ్డకట్టవు గనక సూత్రం మనకు వర్తించదనేవాళ్లున్నారు. టైరుకీ రోడ్డుకీ నడుమ పట్టు తగ్గడమే ఇక్కడ వివక్షితం. తగ్గించింది గడ్డకట్టిన నీరా, తడిసిన దుమ్మా అన్నది బండికి పట్టదు. చలికాలంలో ఈ సీమలో ఉలవ పంట కోసి తారురోడ్డు మీదే పరుస్తారు, వచ్చేపోయే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయని. మంచుకు నానిన ఆ కట్టె కింద గోళీల్లాంటి గింజలు. మిషిగన్ రోడ్డు ఇంతకంటే జారుడే కావచ్చు, న్యాయం మాత్రం ఒకటే. టమాటా ధర పడిపోయిన నాడు రోడ్డు పక్కన పారబోసిన పండ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క భేదం ఒప్పుకోవాలి: 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది గనక అక్కడ చలికాలానికి వేరే టైర్లు కావాలి. మదనపల్లెకు ఆ ఖర్చు లేదు. ఇక్కడ టైరు గాడి 1.6 మిల్లీమీటర్లు మిగిలి ఉంటే చట్టం ఊరుకుంటుంది, తడిరోడ్డు ఊరుకోదు.

'వెనుకతోపు' అంటే వెనుక చక్రాలు తోయగా నడిచేది. ఇంజను ముందు, తోసే చక్రాలు వెనుక, నడుమ పొడవాటి షాఫ్టు. ఈ లక్షణం ఫోర్డ్ మస్టాంగ్‌కీ ఉంది, టమాటా మోసే బొలెరో పికప్‌కీ ఉంది. బెంగళూరు నుంచి హార్స్‌లీ హిల్స్‌కు షికారు వచ్చే స్పోర్ట్స్ కారూ, మదనపల్లె మార్కెట్లో క్రేట్లు దించి ఇంటిముఖం పట్టిన పికప్పూ వేషాలు వేరైన అన్నదమ్ములు. నిజానికి పికప్‌కే గండం ఎక్కువ. బరువంతా ఇంజను దగ్గర, తోయాల్సిన చక్రాల మీద ఉత్త గాలి. లోడుతో బుద్ధిగా వెళ్లిన బండి తిరిగొచ్చేటప్పుడు అదే మలుపులో నడుము తిప్పిందంటే డ్రైవరు మారి కాదు, క్రేట్లు దిగి. పోర్షే 911లో ఇంజనే వెనుక ఇరుసు అవతల ఉంటుంది. కదిలేటప్పుడు దానికి పట్టు బాగా దొరుకుతుంది గానీ, ఒకసారి వెనుక భాగం ఊగిందా, ఆ బరువే దాన్ని ఇంకా అవతలికి లాగుతుంది. బరువు వరమా శాపమా అని అడిగితే శాస్త్రం రెండిటికీ తలూపుతుంది.

ఇక 'కుడిపాదమే'. సూత్రం ప్రాణమంతా ఆ ఏవకారంలో ఉంది. స్టీరింగు చేతుల్లో ఉండగా చుక్కాని పదవి పాదానికెలా ఇచ్చారని శంక. టైరు పట్టు ఒక బిందె నీళ్లనుకోండి. ఒక్క బిందెతో ఇల్లు గడపడం ఈ కరువు సీమలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. ముందుకు తోయడానికీ, బ్రేకుకీ, మలుపులో పక్కకు జారకుండా నిలవడానికీ వెనుక చక్రం ఆ ఒక్క బిందెలోంచే ముంచుకోవాలి. మలుపులో ఎక్సిలేటరు గట్టిగా తొక్కితే తోయడానికే బిందె ఖాళీ అయిపోయి, వెనుక భాగం బయటికి జారుతుంది. ముందు చక్రాలు లాగే కారులో ఇదే తప్పు చేస్తే, స్టీరింగు తిప్పినా కారు నేరుగా పోతుంది. కాలు సడలిస్తే చాలావరకు దారికొస్తుంది. వెనుకతోపు బండిలో కాలు తీయడం కూడా ఒక విద్యే. బెదిరి ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు ఒరిగి, వెనుక చక్రాలు మరీ తేలికై, జారేది ఇంకా జారుతుంది. కొండ దిగుతూ గేరు తగ్గించి క్లచ్చి ఠక్కున వదిలినా అంతే, ఇంజను పట్టే బ్రేకు పడేది వెనుక చక్రాలకే గనక. అలాగని, డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దించడం అపవ్యాఖ్యానం. గేరు తగ్గించాల్సింది మలుపులో కాదు, మలుపు రాకముందే. అప్పటికీ జారితే వెనుక భాగం ఎటు పోతే స్టీరింగు అటే తిప్పాలి. చేతులకు ఈ సూత్రంలో దక్కిన ఉద్యోగం అదొక్కటే, పాదం చేసిన తప్పు దిద్దడం.

పూర్వపక్షి ఇక్కడ లేస్తాడు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, జారుడు కనిపెట్టి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఈఎస్‌సీ కూడా చాలావాటిలో ఉంది, ఇంకా పాదం గొడవెందుకు? ఆ యంత్రాలు మంచివే, ఆపేసుకుని నడపడం మూర్ఖత్వం. అయితే అవి నీళ్లు పొదుపుగా పంచేవే గానీ బిందెలో పోసేవి కావు. మితిమీరిన వేగంతో మలుపులోకి దూకినవాడికి పంచిపెట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. అమెరికాలో పికప్ వెనుక ఇసుక మూటలు వేసుకుంటారే, మనమూ వేసుకుంటే పోలా అంటాడు మరొకడు. ఇరుసు మీదకి కదలకుండా కట్టిన మూటలు మేలే చేస్తాయి. మరీ వెనక్కి పేరిస్తే మాత్రం ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు; పైగా బరువెక్కిన బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకోవచ్చు. మూడో ఆక్షేపణే గట్టిది: మంచుపొగలో కళ్లు కనపడకపోవడమే కదా అసలు గండం, టైరు పట్టుతో పనేమిటి? నిజమే. కానీ కనపడనప్పుడు చేయగలిగింది లైట్లు డిమ్ములో పెట్టి, చూపు ఆనినంత దూరంలో ఆగగలిగే వేగానికి దిగడం. అదీ ఆ పాదం పనే. ఏవకారం నిలిచింది.

తాత్పర్యం వేరే కావాలన్నవాళ్లు పుష్యమాసపు తెల్లవారుజామున ఏనుగు మల్లమ్మ కొండ ఎక్కి దిగితే సరి; హార్స్‌లీ దొర పేరు అంటుకోకముందు ఆ కొండ పేరదే. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి అంతటివాడికే పాఠభేదాల బెడద తప్పలేదు, మనకెలా తప్పుతుంది? ఆ ఘాట్ రోడ్డు మీద 'కుడిపాదమే' అన్నచోట 'హారనే' అన్న పాఠం విరివిగా వినబడుతుంది. పండితులు దాన్ని లేఖక ప్రమాదం అంటారు. మలుపు అవతల నిలబడి చూసినవాళ్లు అందులో రెండో మాట ఒక్కటే చాలంటారు.